మేస్త్రి గదిలో గలగల

ఇన్‌స్పెక్టర్ ఐదు గంటల దాకా గడువిచ్చాడు. ఇచ్చేటప్పుడు చేతి గడియారం చూసుకున్నాడు. రెండూ నలభై. ఐదు కొట్టగానే మేస్త్రి భార్యని, మొగుడికి విషం పెట్టిన నేరం కింద స్టేషనుకి తీసుకెళ్తాననీ, ఈలోగా సూదమ్మ ఎవర్ని పొడుచుకుంటుందో పొడుచుకోవచ్చనీ అన్నాడు.

సూదమ్మ అన్నది ఎవరో ఎగతాళికి పెట్టిన పేరే గానీ ఆవిడకి నచ్చింది. ఇరవై రెండేళ్లు ఆస్పత్రిలో నర్సుగా సూదులు పొడిచింది. ఆ తర్వాత డిటెక్టివ్ పనిలోకి దిగి మాటలతో పొడుస్తోంది. ఈ ఇన్‌స్పెక్టర్‌కి ఉద్యోగంలో చేరిన కొత్తలో కుక్క కరిస్తే ఇంజక్షన్లు చేసింది ఆవిడే. మూడోదానికే ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ సంగతి ఆవిడ ఇన్నేళ్లలో ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఎత్తలేదనే ఆయనకి మరింత ఒళ్లుమంట.

చనిపోయినాయన్ని అందరూ మేస్త్రి అనేవాళ్లు. నిజానికి ఆయన జన్మలో ఒక్క గోడ కట్టలేదు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పన్నెండేళ్ల కిందట ఆ ఉద్యోగం పోయాక పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ ఇటుకలు ముందేసుకుని కూర్చున్నాడు. ఒకదాని నెత్తిన ఒకటి నొక్కితే అతుక్కునే రంగురంగుల ముక్కలు. వాటితోనే వంతెనలు కట్టాడు, ఓడ కట్టాడు, చివరికి తాము ఉంటున్న ఈ నాలుగంతస్తుల భవనాన్నే గది గదిగా, గుమ్మం గుమ్మంగా ఆరేళ్లు కూర్చుని కట్టాడు. ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్లందరికీ ఊళ్లో ఒక క్లబ్బు ఉంది. ఆ క్లబ్బు పెట్టే ప్రదర్శనలో ఈ భవనాన్ని నలుగురికీ చూపించాల్సిన వారం ముందు, ఒక సోమవారం మధ్యాహ్నం, బల్ల మీదే తల వాల్చేశాడు. అది జరిగి ఇవాళ్టికి పదకొండు రోజులు.

"ఏ టైముకి ఏం జరిగిందో అదొక్కటే చెప్పమ్మా," అంది సూదమ్మ. "మీకేమనిపించిందో తర్వాత అడుగుతాను."

మేస్త్రి భార్య హాల్లో కుర్చీ అంచున కూర్చుని ఉంది. లేవమంటే లేచి పోలీసుల వెంట నడిచేలా ఉంది మనిషి. మూడుంబావుకి టీ ఇచ్చిందట. ఎప్పట్లాగే ఆయన ముక్కల డబ్బాలో చెయ్యి పెట్టి కలుపుతూ వెతుక్కుంటున్నాడట. ఆ గలగల వంటింట్లోకి కూడా వినపడుతుంది. మూడూ నలభైకి గలగల ఆగింది. కావలసిన ముక్క దొరికిందేమో అనుకుంది. నాలుగూ అయిదుకి కప్పు తెచ్చుకుందామని వెళ్తే మనిషిలో ప్రాణం లేదు. కప్పులో సగం టీ ఉంది. డాక్టరుకి ఫోన్ చేసి, ఆయన వచ్చేలోపు ఆ కప్పు కడిగేసింది.

"అదెందుకు కడిగారు?"

"ఏమో అమ్మా. చేతులు ఏదో ఒకటి చెయ్యాలిగా. ఎంగిలి కప్పు కనపడితే కడగడం నాకు అలవాటు."

ఇన్‌స్పెక్టర్ గుమ్మం దగ్గర నించుని నవ్వాడు. ఆయన లెక్క అక్కడితో తేలిపోయింది. అటక మీద చెదల మందు సీసా ఉంది, అందులో మందు తగ్గింది, శవంలో అదే మందు దొరికింది, కప్పు కడిగింది ఈవిడ. పైగా మొదటి రోజే, "నాదే తప్పు, ఈ పాపం నాది" అని ఏడ్చింది. ఆ మాట ఆయన తేదీతో సహా రాసుకున్నాడు.

"సీలు వేసింది ఎప్పుడు?" అని ఆయన్ని అడిగింది సూదమ్మ.

మూడో రోజునట. రిపోర్టు రాగానే మేస్త్రి గదికి తాళం వేసి, గుడ్డ చుట్టి, లక్క ముద్ర కొట్టారు. అప్పట్నించీ ఆ తలుపు ఎవరూ తియ్యలేదు.

మేస్త్రి భార్య కొంగు చివర వేలికి చుట్టుకుంటూ తలుపు వైపు చూసింది. "నాలుగో రోజు నించీ మళ్లీ వినపడుతోందమ్మా," అంది.

"ఏం వినపడుతోంది?"

"గలగల. ఆ గదిలో ముక్కలు కలుపుతున్న చప్పుడు. సరిగ్గా మూడున్నరకి. పావుగంట ఉంటుంది, ఆగిపోతుంది. తలుపు మీద ముద్ర ముద్రలాగే ఉంటుంది."

ఇన్‌స్పెక్టర్ అటు తిరిగి గొంతు సవరించుకున్నాడు. ఆయన ఈ మాట ఇంతకుముందే విన్నాడని, వినలేదన్నట్టు తోసేశాడని సూదమ్మకి తెలిసిపోయింది.

"మీ ఆయనే వచ్చాడనుకుంటున్నారా?"

"ఆయనైతే నాకు భయమెందుకు?" అంది ఆవిడ. "నలభై ఏళ్లు కాపరం చేశాను. ఆయన కాదు."

ఎవరు మరి అంటే చెప్పలేదు. సూదమ్మ కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది. దెయ్యాల్ని నమ్మే మనిషి కాదు. కానీ నమ్మకపోవడం వేరు, అలా ఖాళీ తలుపు వైపు చూస్తున్న మనిషి ఎదురుగా కూర్చోవడం వేరు.

వంటింట్లోంచి మరిది మంచినీళ్లు పట్టుకొచ్చాడు. మేస్త్రికి తమ్ముడు. కళ్లజోళ్ల షాపు ఉంది. నీటుగా, నెమ్మదిగా ఉండే మనిషి. ఒకప్పుడు ఇదే అంతస్తులో ఎదురు వాటాలో ఉండేవాడట. పన్నెండేళ్ల కిందట అతని భార్య, తెరిచి ఉన్న లిఫ్టు గుమ్మంలోంచి నాలుగంతస్తులు కిందకి పడి చనిపోయింది. గుమ్మం తాళం పాడైందనీ, చూసుకోవాల్సింది తనేననీ మేస్త్రి ఒప్పుకున్నాడు. ఆ దెబ్బకే ఆయన ఉద్యోగం పోయింది. తమ్ముడు ఇల్లు మారిపోయాడు. ఇప్పుడు అన్న పోయాక రోజూ పన్నెండింటికి వదినకి భోజనం తెచ్చి, దగ్గరుండి తినిపించి, మూడింటికి వెళ్తున్నాడు.

సూదమ్మ అతన్ని కూడా నాలుగు మాటలు అడిగింది. అన్న చనిపోయే ముందు గురువారం ఒకసారి, ఆదివారం ఒకసారి వచ్చానన్నాడు. ఆర్నెల్లకోసారి కూడా రానివాడివి వారంలో రెండుసార్లు ఎందుకొచ్చావంటే, అన్నయ్య పిలిచాడన్నాడు. ఈ బొమ్మల పని మీకూ వచ్చా అంటే తల అడ్డంగా ఊపాడు.

"నాకూ వాటికీ పడదండీ. ఆ ముక్కల్ని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. అన్నయ్య చూపిస్తే చూసేవాణ్ణి, అంతే."

అలా అని వదిన పక్కన కూర్చుని, నీళ్లు తాగమని బతిమాలాడు.

సూదమ్మ రిపోర్టు అడిగింది. ఇన్‌స్పెక్టర్ ఇవ్వనన్నాడు. "సరే, మీరే చదవండి, నేను వింటాను," అంది. తన గొంతులో ఆ కాగితం తనకే మరీ ఇబ్బందిగా వినపడేసరికి ఆయన రెండు లైన్లకే ఆవిడ చేతిలో పెట్టేశాడు. ఆవిడ నర్సు కళ్లతో ఒకసారి, డిటెక్టివ్ కళ్లతో ఒకసారి చదివింది.

"పై పెదవి లోపల కాలింది. ముందు పళ్ల వెనక చిగురు కాలింది. నాలిక కొస కాలింది. గొంతులో ఏమీ లేదు. పొట్టలో ఉన్న టీలో మందు వాసన కూడా లేదు." కాగితం తిరిగిచ్చింది. "ఇన్‌స్పెక్టర్ గారూ, మీరు టీ ముందు పళ్లతో కొరికి తాగుతారా?"

"మాటలకేం, కోటలు దాటతాయి. గది చూస్తారా, నన్ను వెళ్లమంటారా?"

మూడుంబావుకి ఆయన ముద్ర పగలగొట్టాడు. అప్పటికి జల్లెడ కూడా వచ్చాడు. సూదమ్మని ఈ కేసులోకి పిలిచింది అతనే. బస్సు డ్రైవరు. క్లబ్బులో మేస్త్రికి కుడిభుజం. ముక్కల్ని రంగు వారీగా, సైజు వారీగా ఏరి పెట్టడంలో మొనగాడు గనక జల్లెడ అని పేరు. గదిలోకి వస్తూనే బల్ల మీది భవనం చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక మూలకి పోయి నించున్నాడు.

భవనం నడుము ఎత్తుంది. సూదమ్మ వంగి కింది అంతస్తు కిటికీల్లోంచి చూసింది. మెట్ల కింద సైకిలు ఉంది. మీటరు బోర్డు ఉంది. ఒక ఇంట్లో బొమ్మ మనిషి బట్టలు మడతపెడుతున్నాడు. ఇంకో ఇంట్లో ఒకావిడ ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. ప్రతి గదిలోనూ ఎవరో ఒకరు ఏదో పనిలో ఉన్నారు, అందరూ ఒకేసారి ఆగిపోయినట్టున్నారు. నాలుగో అంతస్తు కిటికీలకి మాత్రం తెరలు దింపి ఉన్నాయి. పైకప్పు తీసి చూద్దామంటే, అది సాక్ష్యం, ముట్టుకోవద్దన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆవిడ ట్రేల వైపు తిరిగింది. గోడ పొడుగునా అరవై ట్రేలు. పదకొండు రోజుల దుమ్ము అన్నిటి మీదా పల్చగా పడి ఉంది. బల్లకి కుడిపక్కనున్న ఒక్క ట్రేలో దుమ్ము లేదు. అందులో బిస్కట్టంత పల్చటి ముక్కలున్నాయి. వాటిని వీళ్లు రేకులంటారట.

"ఈ ట్రే ఎవరో కలిపారు," అంది. "ఒకసారి కాదు, రోజూ. మీ సీలు ముందు గుమ్మానికి వేశారు. ఈ అలమారా వెనక ఏముందో చూశారా?"

అలమారాకి కింద చక్రాలున్నాయి. నేల మీద వాటి గీతలు కొత్తగా తెల్లగా ఉన్నాయి. జరిపితే వెనక చిన్న ఇనప తలుపు. లిఫ్టు యంత్రం ఉండే గదిలోకి దారి. మేస్త్రి పాత ఉద్యోగం నాటి తలుపు అది. తాళంచెవి కింద మీటరు బోర్డు పక్కన మేకుకి వేలాడుతూ ఉంటుందనీ, భవనంలో ఎవరైనా తీసుకోవచ్చనీ జల్లెడ చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ తేలుకుట్టిన దొంగలా ఆ తలుపు వైపు చూసి, తన కానిస్టేబుల్‌ని పిలిచి వాణ్ణి తిట్టాడు.

దెయ్యం తలుపు తోసుకుని వస్తుందని తెలియగానే సూదమ్మకి గుండె కుదుటపడాలి. పడలేదు. చనిపోయిన మనిషి కుర్చీలో, ఆయన చనిపోయిన వేళకే, పక్క గదిలో ఆయన పెళ్లాం వింటూ ఉండగా, ఒకరు రోజూ కూర్చుని చెయ్యి పెట్టి కలిపారు. దానికి దెయ్యమే నయం అనిపించింది.

"ఇందులోంచి ఏం పోయాయో చెప్పగలవా బాబూ?"

జల్లెడ ట్రే మీదకి వంగాడు. ముట్టుకోకుండా కళ్లతోనే ఏరాడు. రెండు నిమిషాలకి తలెత్తాడు.

"కవలలు లేవక్కా."

"అంటే?"

"ఒకదాన్నొకటి పట్టుకుని ఊడి రాని రేకులు. జంటలు. కొన్ని అలా బిగుసుకుపోతాయి. మేస్త్రన్న వాటిని కవలలనేవాడు. ఆ మాట ఆయన నోటే విన్నాను, క్లబ్బులో వేరేవాళ్లెవరూ అనరు. విడదీసే దాకా ఈ ట్రేలోనే పడేసేవాడు. ఎప్పుడూ పది పదిహేను ఉంటాయి. ఇప్పుడొక్కటీ లేదు."

"ఎలా విడదీస్తారు వాటిని?"

జల్లెడ సిగ్గుపడ్డాడు. దానికి ప్లాస్టిక్ మీట ఒకటి ఉంటుందనీ, అది ఎప్పుడూ చేతికి దొరికి చావదనీ, గోళ్లు విరుగుతాయనీ నసిగాడు. ఆవిడ అలాగే చూస్తూ నించుంది.

"పళ్లతో," అన్నాడు చివరికి. "తప్పేననుకోండి. పిల్లలకి మేమే వద్దని చెప్తాం. కానీ మాలో అలా చెయ్యనివాడు లేడు. అన్నకి ముందు పన్ను సగం అరిగిపోయింది అందుకే."

 సూదమ్మ తన ముందు పళ్ల వెనక నాలిక కొస పెట్టి చూసుకుంది. సరిగ్గా అక్కడే కాలింది ఆయనకి. జంట రేకుల మధ్య ఎవరో మందు పూసి నొక్కి, ఈ ట్రేలో కలిపేశారు. ఏ రోజు ఏ జంట నోట్లోకి వెళ్తుందో పూసినవాడికే తెలీదు. వెళ్లడం మాత్రం ఖాయం. సోమవారం మూడూ నలభైకి ఒకటి వెళ్లింది. మిగిలినవి ట్రేలో ఉండిపోయాయి. వాటి కోసమే ఈ గలగల.

ఆవిడ హాల్లోకి వెళ్లి మేస్త్రి భార్య చెవి దగ్గర వంగి, కవలలంటే తెలుసా అని అడిగింది. మా రెండు వైపులా కవలలెవరూ లేరమ్మా అని ఆవిడ అమాయకంగా చెప్పింది. మరిది అప్పుడు కింద మందుల షాపుకి వెళ్లి ఉన్నాడు.

సూదమ్మ గదిలోకి తిరిగొచ్చేసరికి ఇన్‌స్పెక్టర్ జల్లెడ భుజం మీద చెయ్యేసి ఉన్నాడు. ఆయన కూడా తెలివితక్కువవాడు కాదు, తొందరవాడు, అంతే. పళ్లతో విడదీస్తారని తెలిసినవాడే చంపాడు. తెలిసింది ఇతనికి. సోమవారం పొద్దున్న ముక్కల సంచీ తెచ్చిచ్చింది ఇతను. తాళంచెవి ఎక్కడుందో చెప్పింది కూడా ఇతనే.

"మీ నోటితోనే నిరూపించారు సూదమ్మగారూ, చాలా థాంక్స్. ఆడమనిషిని వదిలేస్తాను, ఇతన్ని పట్టుకెళ్తాను. మనిద్దరం సగం సగం గెలిచినట్టు."

 సూదమ్మ తన చేతిసంచీలోంచి రెండు రేకులు తీసింది. ఇవెలా ఉంటాయో చూద్దామని ఈ పూట దారిలో బొమ్మల షాపులో కొన్నవే. రెండూ కలిపి గట్టిగా నొక్కి జల్లెడ చేతికిచ్చి, విడదియ్యి నాయనా అంది. చెయ్యి దానంతటదే నోటి దగ్గరికి పోయింది. పళ్ల మధ్య పెట్టుకున్నాక గానీ తనేం చేస్తున్నాడో అతనికే తెలీలేదు. ఇన్‌స్పెక్టర్ ఎగిరి అతని చెయ్యి లాగేశాడు.

"మంచివేలెండి, ఇందాకటిదాకా షాపులో ఉన్నవి," అంది ఆవిడ. "మందు పూసినవాడైతే నోటి దాకా వెళ్లేలోపు ఆ చెయ్యి ఒక్కసారైనా తడబడేది. ఇతనికి భయమన్నదే లేదు. ఇతను కాదు."

"అలవాటుతో కోర్టులు నడవవు."

"నిజమే. అందుకే ఇంకో అయిదు నిమిషాలు నేనేం చెప్పినా అడ్డం రాకండి. నాతో గొడవ తర్వాత పడుదురు గాని."

నాలుగూ పదికి మరిది మందులు తీసుకుని వచ్చాడు. సూదమ్మ అందర్నీ గది గుమ్మం దగ్గరికి పిలిచి, మామూలుగా, చీటీ చదివినట్టు చెప్పింది. విషం టీలో లేదు, ఆయన నోట్లో పెట్టుకున్న ముక్కల్లో ఉంది. అలాంటివి ఇంకా కొన్ని జంటలు కుడివైపు ట్రేలో అలాగే ఉన్నాయి. వాటి మీద వేలిముద్రలు ఉంటాయి. సాయంత్రానికి ల్యాబుకి పంపిస్తున్నారు, రేపటికి ఎవరో తేలిపోతుంది.

మేస్త్రి భార్య ఏమీ అర్థం కానట్టు చూసింది. జల్లెడ నేల చూశాడు. మరిది మాత్రం మర్యాదగా, తప్పు దిద్దుతున్నట్టు అన్నాడు.

"పొరపాటు పడ్డారేమో. ఆ ట్రేలో కవలలేం లేవండీ."

అన్నాక రెండు క్షణాలు అతనికి కూడా తెలీలేదు. జల్లెడ తలెత్తి తననే చూస్తుంటే అప్పుడు తెలిసింది. గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నట్టు అతని కుడిచెయ్యి చొక్కా జేబు మీదకి వెళ్లింది. కళ్లజోడు మొహం మీదే ఉంది. జేబులో మాత్రం కళ్లజోడు పెట్టె ఉంది.

ఇన్‌స్పెక్టర్ దాన్ని రుమాలుతో తీసి తెరిచాడు. అద్దాలు తుడిచే పసుపు గుడ్డలో చుట్టి, చిన్నవీ పెద్దవీ పదకొండు జంటలు ఉన్నాయి.

"వారం బట్టీ జేబులో పెట్టుకు తిరుగుతున్నావా? ఏ కాలవలోనో పారెయ్యలేకపోయావా?" ఇన్‌స్పెక్టర్ గొంతులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది.

మరిది సమాధానం జల్లెడకి చెప్పాడు, అతనికే అర్థమవుతుందన్నట్టు. "రెండుసార్లు వంతెన దాకా వెళ్లాను. ముక్క పారేసే చేతులు కావు మావి."

జల్లెడ తెలియకుండానే తలూపాడు. పోయిన ముక్క కోసం మంచాల కింద పాకే మనుషులు, విరిగిన ముక్కని కూడా డబ్బాలో దాచుకునే మనుషులు వీళ్లు. ఇంకెవరైనా అయితే మొదటి రోజే గుప్పెడు తీసి చెత్తలో పోసి చేతులు కడుక్కునేవాడు.

తర్వాత మిగతాదంతా అతనే చెప్పాడు. ఎవరూ అడగలేదు. చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒకటే ముక్కల డబ్బా ఉండేది. రెండేళ్లు తేడా ఉన్నా ఒకర్నొకరు వదిలేవాళ్లు కాదని అమ్మ వాళ్లని కవలలనేది. విడిపోని రేకులకి ఆ పేరు అక్కణ్ణించి వచ్చింది. అన్న మళ్లీ కట్టడం మొదలుపెట్టాక ఈ గదిలో అతనూ చాలా రోజులు పక్కన కూర్చున్నాడు. అన్న ఈ భవనం మొదలుపెట్టినరోజు నించీ రావడం మానేశాడు. ఆరేళ్ల తర్వాత గురువారం అన్న పిలిచి, పైకప్పు తీసి చూపించాడు. ప్రదర్శనలో కప్పు లేకుండా పెడతానన్నాడు. అందరూ చూడాలన్నాడు. వద్దని కాళ్లు పట్టుకున్నా వినలేదు. అటక మీద సీసా ఉందని అతనికి తెలుసు.

"ఏం చూడాలన్నాడు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఈసారి సాక్ష్యం మాట ఎత్తలేదు. తనే జల్లెడకి సైగ చేశాడు.

జల్లెడ రెండు చేతులతో పైకప్పు ఎత్తి పక్కన పెట్టాడు.

నాలుగో అంతస్తు వరండా. లిఫ్టు గుమ్మం తెరిచి ఉంది. లోపల పెట్టె లేదు, నాలుగంతస్తుల లోతున చీకటి ఉంది. అంచు మీద ఒక ఆడబొమ్మ, సగం గాల్లోకి వంగి. దాని వెనక మగబొమ్మ. రెండు చేతులూ ముందుకి చాచి ఉన్నాయి. పట్టుకుని ఆపబోతున్న చేతులేమో అని సూదమ్మ ఒక్క క్షణం అనుకోవాలనుకుంది. కాదు. వరండా చివర ఇంకో మగబొమ్మ నించుని ఉంది. చేతిలో చిన్న తాళంచెవి.

"మూడోది అన్నయ్య," అన్నాడు మరిది. "అరుపు విని వచ్చాడు. గుమ్మం తాళం తనే పాడుచేసి, పాడైందని చెప్పాడు. నన్ను కాపాడి పన్నెండేళ్లు ఆ సంగతి నాతో ఎత్తకుండా ఉన్నాడు. తనని కూడా పెట్టుకున్నాడు చూడండి. ఎవర్నీ వదల్లేదు."

ఎవర్నీ అన్న మాట దగ్గర మేస్త్రి భార్య లోపలికి వచ్చింది. ఆయన పోయాక అడుగుపెట్టని గదిలోకి, ఎవరూ పిలవకుండానే. బల్ల దగ్గర నించుని వంగింది. లిఫ్టు వైపు చూడలేదు. తన ఇంటి వంటగది వైపు చూసింది. అక్కడ పొయ్యి ముందు ఇంకో ఆడబొమ్మ ఉంది. దాని రెండు చేతులూ పైకెత్తి, తలకి రెండు పక్కలా ఆనించి ఉన్నాయి.

చాలాసేపు చూసింది ఆవిడ.

ఇన్‌స్పెక్టర్ మరిది చేతులకి బేడీలు వేయించాడు. ఆయనకి ఒక మంచి గుణం ఉంది, తప్పు చేస్తే ఆ పూటకైనా ఒప్పుకుంటాడు. టోపీ చేత్తో పట్టుకుని వచ్చి, పొరపాటైందమ్మా, మీరు స్టేషనుకి రానక్కర్లేదు, ఇంట్లోనే ఉండండి అన్నాడు.

"పొరపాటేం లేదు బాబూ," అంది ఆవిడ. "నా తప్పుందని మొదటిరోజే చెప్పాను కదా. మీరు వేరేది రాసుకున్నారు."

సూదమ్మ ఆవిడ చెయ్యి పట్టుకోబోయింది. ఆవిడ పట్టుకోనివ్వలేదు.

"అక్కా అని పిలిచింది," అంది. "మా తోడికోడలు. వరండాలోంచి. రెండుసార్లు పిలిచింది. మొదటిసారి, రోజూ ఉండే గొడవే కదా అనుకున్నాను. రెండోసారి పిలిచినప్పుడు తెలిసింది, ఇది రోజూ ఉండేది కాదని. పొయ్యి దగ్గరే నించున్నాను. చెవులు మూసుకుని నించున్నాను. ఆ తర్వాత ఈయన వచ్చి, నువ్వేం వినలేదు అన్నాడు. పోలీసులు వచ్చి అడిగారు. నేనేం వినలేదన్నాను. ఈయన చూడలేదనుకున్నాను, చెవులు మూసుకోవడం."

బొమ్మ చేతుల మీద వేలితో మెల్లగా తాకింది. దించలేదు.

"ఆ గలగల దానిదే అనుకున్నానమ్మా. నా కోసం వచ్చిందనుకున్నాను. రోజూ మూడున్నరకి చెవులు మూసుకోకుండా కూర్చునేదాన్ని, ఈసారైనా విందామని."

కానిస్టేబుల్ మరిదిని గుమ్మం దాటించాడు. అతను వదినా అన్నాడు. ఆవిడ అటు తిరగలేదు, కొంగు సర్దుకుని ఇన్‌స్పెక్టర్ ముందుకొచ్చి నించుంది.

"పదండి. ఆ రోజు నేను చెప్పింది అబద్ధం. ఇప్పుడు నిజం చెప్తాను, రాసుకోండి."

ఇన్‌స్పెక్టర్ ఏం చెయ్యాలో తోచక సూదమ్మ వైపు చూశాడు. ఆవిడ గోడ గడియారం వైపు చూసింది. నాలుగూ నలభై.

"ఇంకా ఐదు కాలేదమ్మా," అంది, ఎందుకందో తెలీకుండానే.

"పన్నెండేళ్లు అయిందమ్మా," అంది మేస్త్రి భార్య, చెప్పులు వేసుకుంటూ.